పదిహేడో పాట, రెండో చరణం

మక్ షూకిన్ పాటల పంక్తుల్ని అర్థం చూసి విరిచేవాడు కాదు, ఊపిరి చూసి విరిచేవాడు. గాయని వా అక్కకి ఎక్కడ ఊపిరి అందదో అక్కడ పంక్తి ఆపేసి, మిగతాది కింద వరుసలో వేసేవాడు. ఆమెకి నలభై ఏళ్లప్పుడు తెర మీద ఒక్కో వరుసలో పది పన్నెండు అక్షరాలుండేవి. అరవై దాటాక ఏడయ్యాయి. మోకాలి ఆపరేషన్ తర్వాత అయిదు. ఆమె వయసు గురించి పత్రికల వాళ్లు తలో రకంగా రాసుకునేవారు. సరైన లెక్క వేదిక కింద కూర్చున్న షూకిన్ దగ్గరుండేది.

హాంకాంగ్‌లోని హుంగ్‌హోమ్ హాల్లో వేదిక నట్టనడుమ ఉంటుంది, నాలుగు వైపులా జనం. దాని అడుగున తీగల చుట్టలూ, లిఫ్టు యంత్రాలూ ఉన్నచోట, నిటారుగా నిలబడితే తల తగిలే గది అతనిది. ఒక బల్ల, మాటలకి రెండు తెరలు, వేదిక చూపించే కెమెరాకి ఒకటి, బొటనవేలితో తిప్పే చిన్న చక్రం. ఆ చక్రం తిప్పితే పైన వేదిక అంచుల్లో పాతిపెట్టిన నాలుగు తెరల మీద అక్షరాలు జరుగుతాయి. కాంటొనీస్ పాటలకి తెల్లక్షరాలు, మాండరిన్ పాటలకి పసుపు. ఇరవై ఆరేళ్ల కిందట వాళ్లిద్దరూ కూర్చుని పెట్టుకున్న ఏర్పాటు అది. ఆమె పాటల్లో సగానికి బాణీ ఒకటే, మాటలు రెండు రకాలు. హాంకాంగ్ వాళ్లకి కాంటొనీస్‌లో ఒక పాట, తైపేకీ చైనా ఉత్తరాది ఊళ్లకీ మాండరిన్‌లో ఇంకో పాట. కథ వేరు, వాతావరణం వేరు, ఏడ్చేది కూడా వేరువేరు మనుషుల కోసం.

పదిహేడో పాట అలాంటిదే. కాంటొనీస్‌లో అది 'తడి గొడుగు'. ఒకావిడ బస్‌స్టాపులో తన గొడుగు ఒకతని చేతిలో పెట్టి, వానలో నడిచి వెళ్లిపోతుంది. అదే బాణీకి మాండరిన్‌లో 'ఉత్తరపు కిటికీ'. అందులో వాన లేదు, మంచు ఉంది.

బుధవారం మూడో ప్రదర్శన. మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణం రాగానే షూకిన్ చక్రం తిప్పాడు. "గొడుగు నీ దగ్గరే ఉంచు, రెండు వీధులే కదా" అని తెల్లగా తెర మీదకి వచ్చింది. పైనుంచి వినపడింది మాత్రం వేరు.

"కిటికీ అద్దం మీద నీ పేరు రాశాను" అని మాండరిన్‌లో పాడింది వా అక్క.

అతని బొటనవేలు ఆగిపోయింది. కెమెరా తెరలో ఆమె ముఖం దగ్గరగా కనిపిస్తోంది. పాడుతూ పాడుతూ ఆమె కళ్లు దించి అక్షరాలు చూసింది. నోట్లో ఉన్నది ఒకటి, కళ్ల ముందున్నది ఒకటి. పెదవులు తెరుచుకునే ఉన్నాయి, గొంతు మాత్రం రాలేదు. వాద్యాలు నాలుగు ఆవర్తాలు వాయించుకుంటూ పోయాయి. ఆ తర్వాత పన్నెండు వేల మంది గొడుగు పాట అందుకున్నారు. ఆమె నవ్వి మైకు వాళ్ల వైపు చాపింది. నలభై రెండేళ్లుగా నేర్చుకున్న నవ్వు కదా, అది మాత్రం తప్పలేదు.

మర్నాడు పొద్దున షూకిన్ భార్య చున్ గంజి గిన్నె పక్కన ఫోన్ ఆనించి పెట్టుకుని చదువుతోంది. ఆస్పత్రి వంటింట్లో ఆమెకి మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున పూట తీరిక, ఆ తీరికంతా మొగుడి మీదే.

"'ఉత్తరాది ఊళ్లు పట్టుకు తిరిగి తిరిగి ఇంట్లో మాట మర్చిపోయింది' అంట. ఇదొకడు. 'ముసలిదైపోయింది, ఇంక ఇంట్లో కూర్చోమనండి' అంట. ఇదింకొకడు. ఇదిగో, మీ కంపెనీ వాళ్లది కూడా వచ్చింది. విను."

"విననక్కర్లేదు."

"'పదాల తెర నడిపే వ్యక్తి పొరపాటు వల్ల వేరే పాఠం తెర మీదకి వచ్చింది. ప్రేక్షకులు మన్నించాలి. సంబంధిత వ్యక్తితో మాట్లాడుతున్నాం.'" ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుంది. "సంబంధిత వ్యక్తి అంటే నువ్వేగా."

"పేరు వెయ్యలేదుగా."

"ఈ ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఎంతమంది?"

"తొమ్మిది మంది."

"ఆవిడ దగ్గర?"

షూకిన్ వేయించిన పిండి కడ్డీని తుంచి గంజిలో ముంచాడు. అది నానేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"నేను తెల్లదే పెట్టాను చున్."

"నాకు చెబుతావేంటి. వాళ్లకి చెప్పు. ఇంట్లో పులుసు పొంగిపోతే నా మీద అరవడానికి నోరుంది, అక్కడ మాత్రం చక్రం తిప్పుకుంటూ కూర్చుంటావు."

అతను ఇల్లు కదిలేలోపే ఒక ఫోన్ వచ్చింది. వచ్చే నెల మకావ్‌లో పాడబోయే ఒక కుర్ర గాయకుడి మనిషి. చాలా మర్యాదగా మాట్లాడాడు. కార్యక్రమం కొంచెం మారిందన్నాడు, వేరే ఏర్పాటు చేసుకున్నామన్నాడు, మీలాంటి పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకన్నాడు. షూకిన్ సరేనన్నాడు. పదాల తెర నడిపేవాడికి చేతిలో ఉండేది ఒకటే ఆస్తి, తప్పు మాట వెయ్యడన్న పేరు. అది పోతే చక్రం తిప్పడం ఎవరికి రాదు?

హాల్లో మేనేజర్ ఫూంగ్ కాగితం సిద్ధంగా పెట్టింది. నలభై అయిదేళ్ల మనిషి, గొంతు ఎప్పుడూ లేవదు. కుర్చీ తనే లాగి వేసింది.

"చదివి సంతకం పెట్టండి కిన్ అన్నా. బయటికి పోదు. స్పాన్సర్ల కోసం."

అతను చదివాడు. 'నేను పొరపాటున పసుపు పాఠం తెర మీద ఉంచాను' అని ఉంది.

"నా తెర మీద ఏం కనపడిందో రోజూ రికార్డవుతుంది మేడం. పాటతో సహా."

"తెలుసు. ఆ పద్ధతి పెట్టించింది నేనే. ఎవరికి చూపిస్తారు?"

అతను కాగితం బల్ల మీద పెట్టాడు.

"నాకు కళ్లు లేవనుకోకండి. ఆవిడ తడబాటు పోయినేడాది నుంచి చూస్తున్నాను. ఇక్కడ పది రోజులు, ఆ తర్వాత గ్వాంగ్‌జౌ, కౌలాలంపూర్, సింగపూర్, మొత్తం నలభై రెండు ఊళ్లు. రెండు వందల మందిమి ఆవిడ గొంతు మీద బతుకుతున్నాం. మీ పేరు పోతే ఒక మనిషి పేరు. ఆవిడ పేరు పోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి."

"ఆవిడ ఏమంది?"

"ఆవిడకి పసుపు వచ్చిందనే చెప్పాను."

"నమ్మిందా?"

"మీరే అడగండి. ఇరవై ఆరేళ్ల చుట్టరికం మీదేగా." ఫూంగ్ కలం కాగితం మీద అడ్డంగా పెట్టింది. "శనివారం దాకా ఆగుతాను. పెడితే నలభై రెండు ఊళ్లూ మీరే వస్తారు. పెట్టకపోతే ఆదివారం నుంచి ఇంకొకర్ని చూసుకుంటాను. కోపం పెట్టుకోకండి."

షూకిన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం పెట్టలేదు.

భోజనాల దగ్గర వాద్యబృందం పెద్ద టోంగ్ మాస్టారు తన డబ్బా పట్టుకొచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకి డెబ్బై. వా అక్క మొదటి రికార్డుకి పియానో వాయించింది ఆయనే.

"ఏరా కిన్, ఇవాళ నా స్వరాలు కూడా పసుపు రంగులో వేస్తావా ఏంటి?"

పక్క బల్లల మీద నవ్వారు. షూకిన్ అన్నంలో మాంసం ముక్కలు ఏరుకుంటున్నాడు.

"మాస్టారూ, మీరు పైనే ఉన్నారు. మీ కాళ్ల ముందే తెర ఉంది. ఏ రంగు చూశారు?"

టోంగ్ మాస్టారు మూత తీసి, మళ్లీ పెట్టాడు. "నా కళ్లు ఆపరేషన్ చేయించుకోవాలిరా. డాక్టరు ఎప్పటినుంచో చెబుతున్నాడు," అని లేచి, డబ్బా పట్టుకుని వేరే బల్లకి వెళ్లాడు.

నడవలో వా అక్క ఎదురైంది. జుట్టు రింగులు తిరగడానికి తలకి చుట్టలు, మోకాలికి పట్టీ, వెనకాల బట్టలు మోసే ఆడమనిషి. షూకిన్ గోడకి ఒదిగి నిలబడ్డాడు. ఆమె ఆగితే చాలనుకున్నాడు. ఆమె ఆగింది.

"తిన్నావా కిన్?"

"తిన్నాను వా అక్కా."

"బాతు బాగుందా?"

"బాతు కాదు. పంది మాంసం."

"బాతన్నారే," అంది ఆమె, వెళ్లిపోయింది.

ఇరవై ఆరేళ్లలో ఆమెకి జలుబు చేస్తే ఏ పాటలో ఏ అక్షరం ముక్కులోంచి వస్తుందో కూడా అతనికి తెలుసు. ఆమెకి అతని గురించి తెలియాల్సింది ఒక్కటే, తిన్నాడా లేదా. సాయంత్రం ప్రదర్శన అయ్యేలోపే బుధవారం రికార్డు కాపీ చేసుకున్నాడు. సినిమా పేజీ రాసే లా అనే విలేఖరికి ఫోన్ చేశాడు. "శనివారం పదకొండింటికి టీ హోటల్లో కలుద్దాం, నీకొకటి చూపించాలి," అన్నాడు. అటువైపు వాడికి ఆనందం ఆగలేదు.

గురువారం ఆట దేవుడి దయవల్ల గడిచింది. పదిహేడో పాట తెల్లగా మొదలై తెల్లగానే ముగిసింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి, ఎవరూ రాకముందే, చెవికి పెట్టుకున్న యంత్రంలో వా అక్క గొంతు వినపడింది. వేదిక మీద ఒక్కతే ఉంది. హాలంతా ఖాళీ కుర్చీలు.

"కిన్, కింద ఉన్నావా?"

"ఉన్నాను."

"పదిహేడు పెట్టు."

అతను పెట్టాడు. వాద్యం లేదు, ఉత్త గొంతు. రెండో చరణం రాగానే ఆమె కిటికీ పాటలోకి వెళ్లిపోయింది. ఆగింది.

"ఏది పెట్టావ్?"

"తెల్లది వా అక్కా."

"పసుపు పెట్టావేమో అనుకున్నాను."

"లేదు. తెల్లదే."

హాల్లో చల్లగాలి యంత్రం మోత ఒక్కటే.

"మళ్లీ పెట్టు," అంది.

రెండోసారీ అంతే. మూడోసారి గొడుగు పాటే పాడింది, కానీ ప్రతి పంక్తికీ ముందు ఎడమ చెయ్యి కొంచెం పైకి లేస్తోంది. ఎప్పుడూ లేని అలవాటు. షూకిన్ కెమెరా చిత్రం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అరచేతిలో నీలి సిరాతో అక్షరాలున్నాయి. గొడుగు, రెండు వీధులు, బస్సు. పరీక్షకి వెళ్లే పిల్లలు రాసుకున్నట్టు.

అతనికి మొదట వచ్చింది కోపమే. అంటే ఈమెకి తెలుసు. తెలిసే బాతు సంగతి అడిగి వెళ్లిపోయింది. తర్వాత ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. తెర మీద అరచేతంత అక్షరాలు నాలుగు వైపులా వెలుగుతుంటే, వాటిని నమ్మలేక ఈ చేతిలో గోరంత అక్షరాలు రాసుకుంది. అతను వేసినవాటిని కాదు, తన కళ్లనే నమ్మడం మానేసింది. పాడే మనిషి అంతదాకా రావాలంటే ఎన్ని రాత్రులు ఒంటరిగా భయపడి ఉండాలో అతను లెక్కేసుకోలేకపోయాడు.

సాయంత్రం హాలు నిండింది. పదహారో పాటలో ఆమె జనం మధ్యకి దిగి చేతులు కలిపింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా వందల చేతులు. పదిహేడు మొదలయ్యేసరికి తిరిగి వేదిక మధ్యకి వచ్చి ఎడమ చెయ్యి లేపింది. కెమెరాలో షూకిన్‌కి కనిపించింది. అరచేతిలో సిరా మరక ఒక్కటి మిగిలింది, అక్షరాలు చెమటలో కలిసిపోయాయి.

మొదటి చరణం దాటింది. మధ్య వాద్యం. ఆమె ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి వినగానే అతనికి తెలిసిపోయింది. గొడుగు పాటకి ఆమె చిన్న ఊపిరి తీసుకుంటుంది, కిటికీ పాటకి లోతుగా తీసుకుంటుంది. ఇది లోతైన ఊపిరి.

"కిటికీ అద్దం మీద..."

పసుపు పాఠం రెండో తెరలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని పైకి పంపడానికి ఒక్క మీట. అతని చూపుడువేలు దాని మీద ఉంది. ఇది నొక్కితే ఆ కాగితంలో రాసిందంతా నిజమవుతుంది. నొక్కకపోతే ఆమె కళ్లు దించుతుంది, తెలుపు చూస్తుంది, బుధవారం లాగే నోరు తెరిచి నిలబడిపోతుంది. ఆ తర్వాత అతన్ని తప్పుపట్టే వాడుండడు.

నొక్కాడు.

ఆమె కళ్లు దించేసరికి నాలుగు వైపులా పసుపు ఉంది. "...నీ పేరు రాశాను, తెల్లారేసరికి మంచు తుడిచేసింది." గొంతు ఎక్కడా తెగలేదు. జనంలో గుసగుస మొదలైంది, ఒక మూల ఎవరో ఈల వేశారు, ఇంకో మూల ఎవరో అందుకుని పాడారు. ఆమె చరణం చివరిదాకా ఒక్క అక్షరం వదలకుండా పాడింది. పల్లవికి కాస్త ముందే అతను తెల్లది తిరిగి పెట్టాడు. ఆమె వానలోకి తిరిగి వచ్చింది.

చెవిలో ఫూంగ్ గొంతు వచ్చింది. "పసుపు ఎందుకొచ్చింది కిన్ అన్నా?"

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

"పొరపాటు," అన్నాడు షూకిన్.

వేదిక చుట్టూ చెవి యంత్రాలు పెట్టుకున్న డెబ్బై మందీ ఆ మాట విన్నారు.

శనివారం పదకొండింటికి అతను టీ హోటల్‌కి వెళ్లలేదు. హాలుకి వెళ్లి, ఫూంగ్ బల్ల మీద కాగితం విప్పి, సంతకం పెట్టాడు. ఫూంగ్ సంతకం కేసి కాక అతని ముఖం కేసి చూసింది.

"అయితే బుధవారం కూడా నిజంగానే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తను అల్లిన అబద్ధాన్ని తనే నమ్మడానికి ఆమెకి పెద్దగా కష్టం కలగలేదు.

మధ్యాహ్నం అతను తన గదిలో తీగలు సర్దుకుంటుంటే ఇనప మెట్ల మీద ఒక్కో అడుగూ ఆగి ఆగి దిగుతున్న చప్పుడైంది. వా అక్క. ఇరవై ఆరేళ్లలో ఆమె ఆ గదికి రావడం ఇదే మొదలు. తల వంచి లోపలికి వచ్చి, తీగల పెట్టె మీద కూర్చుని, మోకాలు రుద్దుకుంది.

"ఇంత చిన్నదా," అంది చుట్టూ చూసి.

"సరిపోతుంది."

"నిన్న పసుపు ఎప్పుడొచ్చింది? నా ముందా, నా తర్వాతా?"

"సగం పంక్తి తర్వాత."

"అంటే నేనే ముందు. మరి బుధవారం?"

"బుధవారం పసుపు రానే లేదు వా అక్కా."

ఆమె తల ఊపింది. "ఫూంగ్ వచ్చిందని చెప్పింది. నమ్ముదామని చూశాను. నమ్మితే సుఖంగా ఉంటుందిగా." అరచెయ్యి తిప్పి చూసుకుంది. సబ్బుతో ఎంత కడిగినా నీలం పూర్తిగా పోలేదు. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు ఇరుగుపొరుగు పేర్లు పోయాయి. నిన్న ఎందుకు పెట్టావ్?"

"మళ్లీ ఆగిపోతారని."

"నా నోట్లో ఉన్నది తెర మీద పెట్టడం కాదు నీ పని. తెర మీద ఉన్నది నా నోట్లో పెట్టడం."

"ఇంతకాలం మీరు ఆగకుండా చూడ్డమే నా పని అనుకున్నాను."

ఆమె లేచేటప్పుడు అతని భుజం పట్టుకుని లేచింది.

"కాగితం మీద సంతకం పెట్టావంట."

"నిన్నటితో అది నిజమైపోయిందిగా. పెట్టాను."

"పెట్టకుండా ఉండాల్సింది," అంది. మెట్లెక్కడానికి దిగినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

ఆ సాయంత్రం పదిహేడో పాటకి ముందు వాద్యం మొదలుపెట్టబోతున్న టోంగ్ మాస్టారుని ఆమె చెయ్యెత్తి ఆపింది. వేదిక మధ్యలో నిలబడి, మైకు రెండు చేతులతో పట్టుకుంది. కింద షూకిన్ తెర మీద ఈ మాటలేవీ లేవు. అతను చక్రం మీంచి చెయ్యి తీసేశాడు.

"బుధవారం ఈ పాటలో నేను ఆగిపోయాను," అంది ఆమె. "తెర మీద తప్పు పడిందని మీకు చెప్పారు. తప్పు పడలేదు. నేనే మర్చిపోయాను. ఈ మధ్య మర్చిపోతున్నాను. కింద ఒక మనిషి కూర్చుంటాడు, పేరు మక్ షూకిన్. అతను ఇరవై ఆరేళ్లలో ఒక్క అక్షరం తప్పు వెయ్యలేదు. తప్పు నాది."

ఎక్కడో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, అది నాలుగు వైపులా పాకింది. జనం లేచి నిలబడ్డారు. "వా అక్కది మంచి మనసు," అని ఎవరో అరిచారు. "వాడ్ని క్షమించేశాం," అని ఇంకొకడు. పన్నెండు వేల మంది నవ్వారు, ప్రేమగా. ఆమె మళ్లీ ఏదో చెప్పబోయింది. చప్పట్లు చెప్పనివ్వలేదు. బుధవారం తెర కేసి ఎవరూ చూడలేదు గానీ, శుక్రవారం పసుపు అక్షరాలు అందరి కళ్ల ముందే వచ్చాయి, ఫోన్లలో బొమ్మలు కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి.

ఆదివారం పొద్దున లిఫ్టులో పై అంతస్తు ముసలావిడ షూకిన్ చెయ్యి పట్టుకుంది.

"చూశానయ్యా వీడియో. ఏడుపొచ్చింది. పనివాడి తప్పు తన నెత్తిన వేసుకునే యజమానులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు. జాగ్రత్తగా పని చెయ్యి. అలాంటి మనిషిని ఇంకోసారి తలవంచుకునేలా చెయ్యకు."

పక్కనే ఉన్న చున్ నోరు తెరవబోయింది. షూకిన్ ఆమె సంచీ అందుకున్నాడు. "చెయ్యనండి," అన్నాడు ముసలావిడతో.

హాలు నడవలో వా అక్క అతని కోసమే నిలబడి ఉంది.

"విన్నావా?"

"విన్నాను."

"నవ్వారు."

"నవ్వారు వా అక్కా."

"ఏడుస్తూ చెప్పాల్సిందేమో."

"ఏడిస్తే ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టేవారు."

ఆమెకి నవ్వొచ్చింది. జనానికి చూపించే నవ్వు కాదు, ఒక పక్కకి వంకరపోయే నవ్వు. అతనెప్పుడూ చూడలేదు.

"మరి ఇవాళ పదిహేడు ఏం చేద్దాం?"

"మీకు ఏది నోటికొస్తే అది పాడండి," అన్నాడు షూకిన్. "నేను వెనకాలే వస్తాను."

ఆమె తల ఊపి, గోడ పట్టుకుని మెల్లగా అలంకరణ గది వైపు నడిచింది. షూకిన్ మెట్లు దిగి, చెవి యంత్రం తగిలించుకుని, తెరలు వెలిగించాడు. తెల్లది ఒకదాంట్లో, పసుపు ఇంకోదాంట్లో.

"కిన్ అన్నా," అంది ఫూంగ్ గొంతు, అందరికీ వినపడేలా, "ఇవాళైనా కాస్త చూసుకోండి."

"అలాగే మేడం," అన్నాడు అతను.